చోళ్ల పళ్లెంలో కుడిచెయ్యి

నాకు పక్షవాతం వచ్చిన పొద్దున నేను చేసిన మొదటి పని ఒక అమ్మాయిని ఫోన్లో తిట్టడం.

ఆ అమ్మాయిది కోఠిలో చిన్న డి.టి.పి. సెంటరు. పుస్తకాల పేజీలు కంప్యూటర్లో కూర్చి, కాగితం మీద తీసి, తప్పులు దిద్దమని నాకు పంపుతుంది. ముందు రోజు సాయంత్రం వచ్చిన కట్ట విప్పి, కిటికీ పక్కన కూర్చుని, ఎర్ర పెన్ను మూత తీసి చూస్తే ఆ పేజీల్లో తెలుగు లేదు. అక్షరాల్లాంటివి ఉన్నాయి. వంపులున్నాయి, తలకట్లున్నాయి, వరసలు తిన్నగానే ఉన్నాయి. కానీ అది నాకు రాని లిపి ఏదో. మా పనిలో ఇది కొత్తేమీ కాదు. ఒక కంప్యూటర్లో కూర్చిన పేజీని, ఆ అచ్చు లేని ఇంకో కంప్యూటర్లో తెరిస్తే తెలుగంతా పిచ్చిగీతలైపోతుంది. ఫాంటు ఎగిరిపోయింది అంటాం. నాకు ఒళ్లు మండింది. నాది బొత్తాల ఫోను. రెండో బొత్తాం నొక్కిపట్టుకుంటే ఆ అమ్మాయికే పోతుంది.

"ఏమ్మా, ఇవేం కాగితాలు? ఫాంటు ఎగిరిపోయింది కనిపించలేదా నీకు?"

"చూసే పంపిన సార్. మంచిగనే ఉన్నయి గద."

"మంచిగుంటే నేనెందుకు అరుస్తాను?"

"సార్, మీ మాట జర ముద్దముద్దగ వస్తుంది. తబియత్ మంచిగుందా?"

"నా తబియత్ సంగతి నీకెందుకు, నీ కంప్యూటరు తబియత్ చూసుకో" అని పెట్టేశాను.

కోపం తగ్గక రోజూ వచ్చే పేపరు తీశాను. అదీ అలాగే ఉంది. పేపరు వాళ్లకి కూడా ఫాంటు ఎగిరిపోయిందనుకున్నాను. నవ్వుకోండి, నిజంగానే అనుకున్నాను. ఊరంతా ఒక్కసారే పని చెడగొట్టుకుందని నమ్మడం నాకు తేలికైంది గానీ, నా తలలో ఏదో జరిగిందని తోచలేదు. ఏభై ఏళ్లుగా ఇతరుల తప్పులు దిద్దినవాడికి మొదటి అనుమానం ఇతరుల మీదికే పోతుంది.

పెన్ను కిందపడింది. తీద్దామని వంగితే కుడిచెయ్యి రాలేదు. అప్పుడొచ్చింది మా ఆవిడ.

"మూతి గట్లెందుకు పెట్టిన్రు?" అంది మొదట. ఆ వెంటనే వాళ్ల తమ్ముడికి ఫోన్ చేసింది. ఆటోలో ఆసుపత్రికి పోయే దారంతా నా కుడిచెయ్యి తన ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఇంకో గంట ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడు. ఆ గంట నేను ఫాంటు మీద కోపంతో పోగొట్టుకున్నాను.

ఆసుపత్రిలో ఎన్నో రోజులు పరీక్షలు చేశారు. చెయ్యి ఎత్తమన్నారు, నవ్వమన్నారు, ఇదేంటి అని పెన్ను చూపించారు, ఇవాళ ఏ వారం అన్నారు. అన్నీ చెప్పాను. మాట రెండు మూడు రోజుల్లో తేటపడింది. కాలు కాస్త ఈడ్చుకుంటూ నడిచేవాణ్ని. చెయ్యి మాత్రం భుజం నుంచి తడిగుడ్డలా వేలాడేది. ఒక కాగితం ముందు పెట్టి, చదువు తాతా, అని ఎవరూ అనలేదు. ఎవరూ అడగలేదేమని చాలాకాలం వాళ్ల మీద కోపం పెట్టుకున్నాను. చెప్పనిది నేను.

ఎందుకు చెప్పలేదో చెప్తాను. ఇంటికి పంపే రోజు ఏవో కాగితాల మీద సంతకం కావాలన్నారు. చెయ్యి లేవదు గదా అని సిరా డబ్బా తెచ్చి నా బొటనవేలు ఒత్తించుకున్నారు. మా నాన్న ఏభైయారులో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఆఫీసులో అటెండరుగా చేరాడు. రెండేళ్లు తిరక్కుండానే పోయాడు. ఆయన పింఛను కాగితాల మీద మా అమ్మ వేలిముద్ర వేస్తుంటే ఆ గుమస్తా నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. మూడో తరగతితో నా బడి ఆగిపోయింది. నాంపల్లిలో ఒక ప్రెస్సులో చేరాను, అక్షరాలు కూర్చే కంపోజిటరునయ్యాను. తెలుగూ ఇంగ్లీషూ ఉర్దూ అన్నీ అచ్చుగదిలోనూ రోడ్డు పక్క పుస్తకాల దగ్గరా నిలబడి నేర్చుకున్నాను. పట్టాలున్నవాళ్లు నా దగ్గరికొచ్చి, ఈ వాక్యం సరిగ్గా ఉందా అని అడిగేవారు. అలాంటివాణ్ని ఇంత వయసులో సిరా వేలితో ఇంటికొచ్చి, నాకు అక్షరం రావడంలేదు అని ఎవరితో చెప్పను? మా ఆవిడ పదో తరగతి పాసైంది. నేను మూడో తరగతి. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె రాసిన ప్రతి ఉత్తరంలో తప్పులు దిద్దింది నేనే.

కాబట్టి చెయ్యి అన్నాను. ప్రూఫులు ఎప్పుడిస్తారు సార్ అని డి.టి.పి. అమ్మాయి అడిగితే చెయ్యి రావడంలేదమ్మా అన్నాను. అబద్ధం కాదు కూడా. దాంతో లోకమంతా నా చెయ్యి మీద పడింది.

అందరికంటే ముందు పడినవాడు మా బామ్మర్ది. బషీర్‌బాగ్‌లో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. చేతిలో ఫోను, ఫోనులో వైద్యాలు.

"బావా, పావురం" అన్నాడు ఒకరోజు చెప్పులు విడుస్తూనే.

"ఏ పావురం?"

"జంగ్లీ పావురం. దాని నెత్తురు వెచ్చగున్నప్పుడే చెయ్యికి రుద్దాలె. లఖ్వా, గీ పక్షవాతం, పరార్."

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది. "గది ఇంట్లకి తెస్తే నిన్ను బయటికి పంపుత, తమ్మీ."

"అక్కా, మందు గురించి చెప్తున్న."

"నాంపల్లి స్టేషన్ మీద ఎన్నొందల పావురాలున్నయి. గవ్విటితోనే అయ్యేదుంటే దవాఖానలెందుకు? పాపం గవ్విటికేం తెలుసు మీ బావ సంగతి."

పావురం తప్పింది. తతిమ్మావి తప్పలేదు. అబిడ్స్‌లో ఒకాయన నెత్తిన, చెవుల్లో, మోకాలి కింద సూదులు గుచ్చాడు. నాంపల్లిలో ఇంకొకాయన వీపు మీద గాజు కప్పులు బోర్లించి చెడ్డరక్తం లాగుతున్నానన్నాడు. నా మటుకు నాకది మంచిదో చెడ్డదో తెలియదు, నొప్పి మాత్రం మంచిదే. గన్‌ఫౌండ్రీలో మా ఇంటి వెనక సందులో ఉండే ఆయుర్వేదం డాక్టరు ఒక సీసా కషాయం, ఒక సీసా తైలం ఇచ్చాడు. ఇంకొకాయన అయస్కాంతాలు కట్టిన పట్టీ ఇచ్చి ఆసుపత్రి గోలీలన్నీ ఇవాళ్టితో ఆపెయ్యమన్నాడు. మా ఆవిడ ఆ మాట పూర్తికాకముందే లేచి, నా మంచిచెయ్యి పట్టుకుని, మెట్లు దింపేసింది. మెట్ల మీదనే చెప్పింది, "సూదులు గుచ్చుకోండ్రి, కప్పులు పెట్టించుకోండ్రి, నేనేం అనను. బీపీ గోలీ ఆపుమన్నోని మొఖం మళ్ల చూసేది లేదు."

ప్రతివాడూ నా చెయ్యే పట్టుకునేవాడు. ప్రతివాడికీ ఒక సిద్ధాంతం ఉండేది. గాలి అనేవాడొకడు, కఫం అనేవాడొకడు, నరం మీద నరం ఎక్కిందనేవాడొకడు. వాళ్ల గోడల మీద చట్రాల్లో సర్టిఫికెట్లు, బొమ్మలు, పెద్ద పెద్ద అక్షరాల్లో ఏవో సూక్తులు ఉండేవి. మామూలుగానైతే వాటిలో తప్పులు పట్టుకుని అక్కడే వాదన పెట్టుకునేవాణ్ని. అప్పుడు వాటికేసి చూడ్డానికే భయం.

ఆ సూదుల కోసం వారానికి రెండుసార్లు ఆటోలో అబిడ్స్ పెద్ద రోడ్డు మీదుగా పోయేవాళ్లం. ఆ రోడ్డు మీద ఏ దుకాణం ఎప్పుడు పెట్టారో, అంతకుముందు అక్కడేముండేదో, దానికి ముందేముండేదో నన్నడిగితే చెప్తాను. చిన్నప్పుడు ఆ బోర్డుల మీదే ఇంగ్లీషు కూడబలుక్కున్నాను. ఇప్పుడు అవే బోర్డులు. ఎర్రది చెప్పుల కొట్టని తెలుసు, పచ్చది మందుల షాపని తెలుసు. రంగును బట్టి, మలుపును బట్టి తెలుసు. అక్షరాలు మాత్రం అద్దం అవతల మాట్లాడుతున్న మనిషి పెదవుల్లా కదులుతున్నాయి, ఏమీ వినిపించడంలేదు. ఒకసారి మా ఆవిడ, "గా కొత్త బోర్డు మీద ఏం రాసిన్రు, నాకు ఎండకు కనవడ్తలేదు" అంది. "పనికిమాలిన తెలుగు, చదవకపోవడమే మంచిది" అన్నాను. ఆమె తల తిప్పి బయటికి చూసింది. అప్పుడు నేను చాలా తెలివిగా తప్పించుకున్నానని అనుకున్నాను.

ఇంట్లో రోజూ పొద్దున పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ని. ఎంతసేపటికో ఒక పేజీ తిప్పేవాణ్ని. అంతకుముందు ఏ పేజీకి ఎంతసేపు పట్టేదో గుర్తుచేసుకుని మరీ తిప్పేవాణ్ని. బొమ్మ చూసి, "ఈళ్లకి బుద్ధి లేదు" అనేవాణ్ని. ఏ రోజు పేపరుకైనా ఆ మాట సరిపోతుంది.

ఇక తైలం సంగతి. కషాయం సీసా, తైలం సీసా ఒకే ఎత్తు, ఒకే గోధుమ రంగు, ఒకే తెల్ల కాగితం. ఒక పొద్దున మా ఆవిడ కూరగాయలకి పోతూ, "కషాయం రెండు చెంచాలు తాగుండ్రి, మర్చిపోవద్దు" అని చెప్పింది. రెండు సీసాలూ అలమరలో పక్కపక్కన ఉన్నాయి. నేను చాలాసేపు నిలబడ్డాను. ఇలాంటి లేబుళ్లు నేనెన్ని వేల కంపోజు చేసి ఉంటానో. ఒకటి తీసుకుని చెంచాలో వంచాను. నాలిక మీద పడగానే తెలిసింది. ఉమ్మొచ్చు. ఉమ్మితే రెండో సీసా తియ్యాలి, చెంచా కడగాలి, ఆమె వస్తే ఎందుకు కడిగారని అడుగుతుంది. మింగేశాను. రెండో చెంచా కూడా మింగాను, చెప్పింది రెండు కదా.

ఆమె వచ్చి అడిగింది, "తాగిన్రా?"

"తాగాను. ఇవాళ కషాయం కాస్త చిక్కగా ఉంది."

ఆమె అలమర దగ్గరికి పోయి వచ్చింది. నా మూతి వైపు చూసి, కొంగుతో తుడిచింది. ఆ పగలంతా నేను ఎన్నిసార్లు లేవాల్సొచ్చిందో రాయను. తిన్నది పడలేదేమో అన్నాను. పడలేదేమో అంది ఆమె కూడా. మర్నాడు పొద్దున అలమర తెరిస్తే కషాయం సీసా మెడకి ఎర్ర రబ్బరుబ్యాండు చుట్టి ఉంది. తైలం సీసా కింది అరలోకి పోయింది. తర్వాత చూస్తే పొద్దుటి గోలీల డబ్బాకి ఒకటి, రాత్రి గోలీల డబ్బాకి రెండు. బీరువా మీద కూరగాయల కట్టలకి వచ్చే రబ్బరుబ్యాండ్లన్నీ దాచే అలవాటు ఆమెది. దేనికి దాస్తావు ఈ చెత్త అని ఎప్పుడూ కసిరేవాణ్ని.

ఆ తైలంతో మాలిష్ చేయడానికి నాంపల్లి నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. తాత కాలం నుంచి కుస్తీలవాళ్లకి ఎముకలు సర్దిన ఇల్లు, అందుకే అందరూ పహిల్వాన్ అంటారు. సూదులాయనలాగా సిద్ధాంతం చెప్పలేదు. మొదటి రోజు నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, కూరగాయ బరువు చూసినట్టు చూశాడు.

"నిద్రపోయింది సాబ్. మంచి నిద్రల ఉంది."

"ఎప్పుడు లేస్తుంది?"

"గది నాకెట్ల తెలుస్తది? లేపుదాం. లేస్తే లేస్తది. జిద్దు, మొండితనం మాత్రం వద్దు. మీ మొఖం చూస్తే మీరు జిద్దు మనిషి లెక్క కొడ్తున్నరు."

"ఔ, మంచిగ గుర్తువట్టిన్రు" అంది మా ఆవిడ.

నాకు ఆయన నచ్చాడు. గోడ మీద సర్టిఫికెట్టు లేదు. తెలియనిది తెలియదన్నాడు. నెల తిరిగేసరికి మోచెయ్యి వంగింది. ఇంకో నెలకి వేళ్లు కదిలాయి. ఆయన మాలిష్ వల్లో, ఆసుపత్రిలో నేర్పిన కసరత్తు వల్లో, ఊరికే రోజులు గడిచిన వల్లో నేను చెప్పలేను. సూదులాయన తన సూదులే అంటాడు. బామ్మర్ది, ఆ అయస్కాంతాల పట్టీ ఇంకొన్ని రోజులు కట్టుకుని ఉంటే ఇంకా ముందే అయ్యేదంటాడు.

వేళ్లు కదిలాక ఆ పెద్దాయన ఒక పని పెట్టాడు. వెడల్పాటి పళ్లెంలో సన్నటి గింజలు పోసి, కాస్త వెచ్చచేసి, అందులో చెయ్యి పెట్టి అరగంట తిప్పమన్నాడు. "వేళ్లు నడవాలె సాబ్. సడక్ మీద నడిచినట్టు, గీ గింజల్ల నడవాలె." మా ఆవిడ తైదలు తెచ్చింది. మేం చోళ్లంటాం, బయటివాళ్లు రాగులంటారు. స్టీలు పళ్లెంలో పోసి నా ముందు పెట్టి, తను ఎదురుగా మెంతికూర వలుస్తూ కూర్చునేది.

మొదట్లో ఊరికే కెలికేవాణ్ని. అరగంట చాలా పొడుగు. చదివేవాడికి అరగంట ఏ మూలకీ రాదు, చదవనివాడికి అది గోడ. ఒక సాయంత్రం నాంపల్లి స్టేషన్లో రైలు కూత వింటూ, ఏదో ఆలోచనలో ఉండి, వేలు తన దారిన తను పోతుంటే ఒక్కసారి ఆగాను. వేలు వెళ్లిన చోట గింజలు పక్కకి జరిగి అడుగున స్టీలు మెరుస్తోంది. ఆ మెరిసే గీతను కళ్లు చూస్తున్నాయి, అది ఏమిటో కళ్లకి తెలియడంలేదు. కానీ నా వేలికి తెలుసు. వేలు ఇప్పుడే 'క' రాసింది. దాని పక్కన 'మ' రాసింది. తలకట్టు ఎక్కడ పడిందో, ఎక్కడ మెలిక తిరిగిందో భుజం దాకా తెలుస్తోంది.

ఇది అర్థం కావాలంటే మా పాత పని తెలియాలి. సీసపు అక్షరాలు ఒక చెక్క పెట్టెలో, గళ్లు గళ్లుగా ఉండేవి. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. అనుభవమున్న కంపోజిటరు ఆ గళ్లకేసి చూడడు. కళ్లు రాతప్రతి మీద ఉంటాయి, చెయ్యి దానంతటదే పోయి 'క' గడిలో 'క' తీస్తుంది, బొటనవేలితో తడిమి తలకిందులైందో లేదో చూసి వరసలో పెడుతుంది. కరెంటు పోతే మిగతా ఊరంతా పని ఆపేసేది, మేం ఓ కొవ్వొత్తి రాతప్రతి దగ్గర పెట్టుకుని చేసుకుపోయేవాళ్లం. అక్షరం నాకు కళ్లలోంచి రాలేదు, వేళ్లలోంచి వచ్చింది. కళ్లు తర్వాత నేర్చుకున్నాయి. ఇన్ని నెలలు అందరూ చెయ్యికి వైద్యం చేస్తుంటే, వీళ్లకి అసలు జబ్బు తెలియదు అని లోపల వెక్కిరించుకున్నవాణ్ని నేను.

ఆ సంగతి రెండు రోజులు నాలోనే పెట్టుకున్నాను. మూడో రోజు సాయంత్రం మా ఆవిడ ఎప్పటిలా ఎదురుగా కూర్చుంది. అరచేత్తో గింజలు చదును చేసి, చూపుడువేలితో రాశాను. మూడు మాటలకి చాలాసేపు పట్టింది. రాసి, పళ్లెం ఆమె వైపు తిప్పాను.

ఆమె కళ్లజోడు పైకి తోసుకుని వంగి చూసింది. పైకే చదివింది.

"నాకు చదవడం పోయింది."

తర్వాత మెంతికూర కాడ ఒకటి తీసుకుని ఆకులు తుంచింది. ఇంకొకటి తీసుకుంది.

"నాకెర్కనే" అంది.

"ఎప్పట్నుంచి?"

"నూనె తాగి కషాయం చిక్కగుంది అన్నరు గద. గప్పటి నుంచి. అంతకు ముందు అనుమానం. రబ్బరుబ్యాండ్లు దేనికనుకున్రు? సీసాలకు సింగారమనుకున్రా?"

"మరి అడగలేదేం?"

"అడిగితే ఒప్పుకుంటరా మీరు? లొల్లి పెట్టుకుంటరు. పేపర్ల తప్పులున్నయి, సీసా మీద తప్పులున్నయి, డాక్టరుకు తెలుగు రాదు అని గంటసేపు చెప్తరు." ఆమె గొంతు కాస్త మారింది. "పొద్దున్నే గా పేపర్ పట్టుకొని కూసుంటే చూడలేక నేను వంటింట్లకు పోతుండె. మీరేమో ఆమెకు నా దగ్గర కూసునే టైం గూడ లేదు అనుకొనుంటరు."

నిజంగా అలాగే అనుకున్నాను.

"నేను రాసింది సరిగ్గా ఉందా?" అన్నాను, ఇంకేం అనాలో తెలియక. ఎందుకంటే నేను రాసింది నాకే చదవడం రాదు.

"సున్న మర్చిపోయిన్రు" అని, తన వేలితో అక్కడ సున్న పెట్టింది. తర్వాత అరచేత్తో మొత్తం చదును చేసి, పళ్లెం నా వైపు జరిపింది. "ఇంకోటి రాయుండ్రి."

మర్నాడే నన్ను ఆసుపత్రికి తీసుకుపోయింది. మాట పోయినవాళ్లకి మాట నేర్పే అమ్మాయి ఒకామె అక్కడ ఉంది. చిన్నపిల్ల, నాకు మనవరాలయ్యే వయసు. అంతా విని, "మొదటి వారమే చెప్పాలి కదా తాతా, ఇన్ని నెలలు ఎందుకు దాచుకున్నారు?" అంది. కోపం రావాల్సినవాణ్ని. తల వంచుకుని కూర్చున్నాను. రాయడం మిగిలి, చదవడం ఒక్కటే పోవడం ఈ జబ్బులో ఉన్నదేనట. నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారట. అచ్చు మీద వేలు పెట్టి, గీత వెంబడి గీత, రాస్తున్నట్టే తిప్పమంది. వేలు చెప్తే కళ్లు వింటాయేమో చూద్దామంది. చోళ్ల పళ్లెం సంగతి చెప్తే, అది మానొద్దంది. పూర్తిగా వస్తుందని మాత్రం మాటివ్వనంది. తెలియనిది తెలియదని చెప్పినవాళ్లలో నాకు ఆ జబ్బులో దొరికిన రెండో మనిషి ఆమె.

ఇక మా ఇంట్లో బడి మొదలైంది. పంతులమ్మ పదో తరగతి. నా వేలు పట్టుకుని పేపరులో పెద్ద అక్షరాల మీద తిప్పేది. పేపరు సిరా అంటి నా చూపుడువేలు నల్లబడేది. అంత పెద్ద వయసులో రోజుకి నాలుగు అక్షరాలు వస్తే గొప్ప. వచ్చింది మర్నాటికి పోయేది. నాకు చిరాకు వచ్చి పేపరు విసిరేస్తే, తీసి మడత సరిచేసి మళ్లీ పెట్టేది. "జిద్దు వద్దన్నడు గద పహిల్వాన్" అనేది. ఇది రాస్తున్నదీ నేనే. రాసింది ఆమె పైకి చదువుతుంది, నేను విని దిద్దుతాను. రబ్బరుబ్యాండ్ల సంగతి కొట్టెయ్యమంది. కొట్టెయ్యలేదు.

ఆమె వేలు పట్టుకోకుండా, పనికొచ్చే ముక్క ఒక్కటైనా చదవగలనా అన్నదే నా దిగులు. పాఠంగా చదవడం వేరు. ఆమె ముందే చదివేసిన మాటని నేను కూడబలుక్కోవడం. బడిపిల్లవాడి చదువు అది. ఎవరూ పక్కన లేనప్పుడు, ఎవరూ ముందే చెప్పనిది, నా అంతట నేను చదవాలి. అదెప్పుడు జరుగుతుందో, అసలు జరుగుతుందో లేదో.

రోజూ పొద్దున గోడ పట్టుకుని రెండంతస్తులు దిగి ఎక్కాలి, కాలికి అదీ కసరత్తే. ఒకరోజు దిగేసరికి కింద గోడకి ఒక కొత్త కాగితం అంటించి ఉంది. వేలు పెట్టాను. మొదటి మాట దగ్గరే చాలాసేపయింది. కింది వాటాలో ఉండే కుర్రాడు ఆఫీసుకి పోతూ, "ఏంది తాతా, గోడకు చూపుడువేలు పెట్టి నిలబడ్డవ్?" అన్నాడు. "చదువుతున్నా, పో" అన్నాను. "గంత చిన్న కాగితానికి గింతసేపా?" అని నవ్వుకుంటూ పోయాడు. 'నీ' వచ్చింది. 'ళ్లు' చాలాసేపటికి వచ్చింది. ఆ కింద ఇంకో రెండు వరసలు. ఒకసారి చదివి, నమ్మకం లేక మళ్లీ మొదటినుంచి వేలు తిప్పాను. మూడోసారి కూడా అదే వచ్చింది. పైకి ఎక్కేసరికి ఊపిరాడలేదు.

మాది పాత బిల్డింగు. మంచినీళ్ల నల్లా పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకానే వస్తుంది. నేను పైకొచ్చేసరికి ఎనిమిది కావడానికి ఎంతోసేపు లేదు.

"రేపూ ఎల్లుండీ నీళ్లు రావట" అన్నాను.

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదు. కింద కాగితం అంటించారు."

ఆమె నా నల్లటి వేలికేసి చూసింది. చేతులు తుడుచుకుని బిందెలు తీసింది. నల్లా పూర్తిగా తిప్పింది.

"నువ్వొకసారి కిందికి పోయి చూసి రాకూడదూ" అన్నాను. "నేను తప్పు చదివుంటే?"

"గిప్పుడు కిందికి పోయొస్తే నల్లా బందైతది. మీరు చదివిన్రు గద. ఆ చెంబు ఇటియ్యుండ్రి."

బిందెలు నిండాయి. బకెట్లు నిండాయి. ఇడ్లీ గిన్నె, పాలగిన్నె, చివరికి టీ గ్లాసులు కూడా. సాయంత్రం బామ్మర్ది వచ్చి గుమ్మంలోనే ఆగాడు.

"ఏందక్కా, ఇల్లంత చెరువు చేసినవ్? నీళ్లు రావని ఎవరన్నరు?"

"మీ బావ చదివిండు."

వాడు నావైపు చూశాడు. వాడికి అప్పటికి నా సంగతి తెలుసు. మామూలుగా ఏదో ఒక వైద్యం చెప్పేవాడే. ఆ పూట మాత్రం కాళ్లు ఎత్తి ఎత్తి గ్లాసుల మధ్య నుంచి వచ్చి కూర్చున్నాడు. కిందికి పోయి ఆ కాగితం చూసొస్తానని కూడా అనలేదు. మా ఆవిడ అననివ్వలేదు, కళ్లతోనే.

మర్నాడు ఆరింటికే లేచాను. వంటింట్లో గ్లాసులు తన్నకుండా జాగ్రత్తగా నడిచి, కుడిచేత్తో నల్లా పట్టుకుని తిప్పాను. లోపల ఎక్కడో గొట్టంలో గుడగుడమంది. గాలి బుస్సుమంది. రెండు చుక్కలు పడ్డాయి. ఆ తర్వాత ఏమీ లేదు. ఇంకా తిప్పాను. ఏమీ లేదు.

పక్క గదిలోంచి మా ఆవిడ నిద్రగొంతుతో అడిగింది, "నీళ్లు వచ్చినయా?"

"రాలేదు" అన్నాను.

ఆ మాట మళ్లీ చెప్పడానికి, ఆమె ఇంకోసారి అడిగితే బాగుండుననిపించింది.